మా కాలనీ మూలమీది ఇళ్ల స్థలాలను వాణిజ్యానికి మార్చబోతున్నారు: అభ్యంతరం ఎలా రాయాలి?

చివరి వరుస ఇల్లు:

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉంటాను. లెక్కల టీచరుగా పనిచేసి పదకొండేళ్ల క్రితం రిటైరయ్యాను. మాది వుడా (అప్పటి విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) హయాంలో వేసిన పాత లేఅవుట్. 1987లో మావారూ నేనూ పటం చూసుకుని, వాయిదాల మీద 200 గజాల స్థలం తీసుకున్నాం. ఆ పటం నకలు ఇప్పటికీ నా బీరువాలో దస్తావేజుల కింద ఉంది. మడతల దగ్గర చిరుగుతుంటే వెనక పల్చటి గుడ్డ అంటించాను. నీలి గీతల్లో 164 ఇళ్ల స్థలాలు, మధ్యలో పార్కు, పడమర కొసన స్కూలు స్థలం, దాని పక్కన 'దుకాణాలు' అని రాసిన చిన్న ముక్క ఉంటాయి. స్కూలు వచ్చింది. పార్కులో వేపచెట్లు పెరిగాయి. దుకాణాల ముక్కలో మాత్రం ఈనాటికీ తుమ్మలే ఉన్నాయి.

పోయిన ఆదివారం పేపర్లో లోపలి పేజీలో ఒక ప్రకటన చూశాను. మా కాలనీలో మూలమీద ఉన్న నాలుగు స్థలాలను, మొత్తం 669 చదరపు మీటర్లను, నివాస వినియోగం నుంచి వాణిజ్య వినియోగానికి మార్చాలని ప్రతిపాదిస్తున్నారట. అభ్యంతరాలు, సలహాలు ఉంటే 15 రోజుల్లోగా తెలపాలట. అందులో ఆరు రోజులు అప్పుడే గడిచిపోయాయి. ఆ నాలుగు స్థలాలనూ ఒకే ఆసామి కొన్నారు. అక్కడ అంతస్తుల మీద అంతస్తులుగా దుకాణ సముదాయం వస్తుందని చెప్పుకుంటున్నారు.

ఆ మూల గురించి కాస్త చెప్పాలి. దక్షిణాన 40 అడుగుల రోడ్డు, తూర్పున 30 అడుగుల రోడ్డు. ఆ 30 అడుగుల రోడ్డు మా వరుస దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, అవతల గుట్ట. అంటే చివరి రెండు వరుసల్లోని 22 ఇళ్లకూ రాకపోకలకు ఆ మూల ఒక్కటే దారి. ఇప్పటికే దానికి ఎదురుగా ఉన్న ఇంట్లో కోచింగ్ సెంటరు నడుస్తోంది. ప్రకటన చూసిన మర్నాటి నుంచి సాయంత్రం 5 నుంచి 8 వరకు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, రోడ్డు మీద నిలిపిన స్కూటర్లూ మోటారు సైకిళ్లూ లెక్కపెట్టాను. నాలుగు రోజుల లెక్క ఇది: 61, 74, 58, 83. సగటు 69. కార్లు వేరే. రెండు వైపులా బళ్లు పెట్టాక మధ్యలో మిగిలేది ఒక ఆటో పట్టేంత చోటు. రెండేళ్ల క్రితం ఒక రాత్రి మావారికి ఊపిరాడనప్పుడు అంబులెన్సు ఆ మూల తిరగలేకపోయింది. ఎదురింటి కుర్రాళ్లు ఆయన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మూలదాకా మోసుకెళ్లారు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. ఆ రాత్రి దారి ఖాళీగా ఉంటే బతికేవారని నేను అనడం లేదు, డాక్టర్లూ అలా అనలేదు. కానీ ఆ మూల పేరు ఎత్తితే నాకు ఆ కుర్చీయే గుర్తొస్తుంది.

నేను దుకాణాలకు వ్యతిరేకిని కాదు. పాల ప్యాకెట్టు, మందుబిళ్లలు, ఇడ్లీపిండి నడిచి వెళ్లేంత దూరంలో దొరకాలని నా వయసువాళ్లకు మరీ ఉంటుంది. కానీ 1987లో ఆ పటం చూపించి మాకు స్థలాలు ఇచ్చారు, దాన్ని నమ్మి కొన్నాం. ఎవరో నాలుగు స్థలాలు కొన్నంత మాత్రాన అది మారిపోవచ్చా?

మా సంఘం కార్యదర్శి ఒకే ఉత్తరం రాసి అందరి సంతకాలూ పెట్టిద్దాం అంటున్నారు. అది చాలా? అసలు ఆ ఉత్తరంలో ఏం రాయాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

టౌన్ ప్లానింగులో ఉద్యోగం చేసినవాణ్ణి:

టీచర్ గారూ, నమస్కారం. ఇలాంటి అభ్యంతరాల ఉత్తరాలు చదివి నివేదికలు రాయడం చాలా ఏళ్లు నా ఉద్యోగంలో భాగం. మీ ప్రశ్న చదివాక ఇవాళ మరే పనీ పెట్టుకోలేదు.

ముందు ఒక ధైర్యం. మీరు చూసింది ముసాయిదా ప్రకటన మాత్రమే, తుది ఉత్తర్వు కాదు. స్థల యజమాని దరఖాస్తు పెడతారు. అభివృద్ధి సంస్థ పరిశీలించి ప్రభుత్వానికి నివేదిక పంపుతుంది. ఆపైన ముసాయిదా ప్రకటన వస్తుంది, అభ్యంతరాలు పిలుస్తారు, మార్పిడి రుసుము కట్టించుకుంటారు. అన్నీ అయ్యాకే తుది జీవో. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం 12వ సెక్షన్‌లోనే ఈ పద్ధతి ఉంది. ప్రణాళికను మార్చేముందు ప్రజల అభ్యంతరాలు పిలవాలి, వచ్చినవాటిని పరిశీలించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో కొత్త చట్టం వచ్చాక కూడా ఈ మెట్టు దాటకుండా మార్పు జరగదు. కాబట్టి మీరు రాసే కాగితం ఫైలులో చేరుతుంది, దానికి ఎవరో ఒకరు జవాబు రాయాల్సి ఉంటుంది. ఆ జవాబు ఒక్క వాక్యంలో రాయడం కుదరకుండా మీ ఉత్తరం ఉండాలి.

200 సంతకాలతో వచ్చిన ఉత్తరాలు ఎన్నో చూశాను. 'కాలనీ ప్రశాంతత దెబ్బతింటుంది, కావున మార్పు వద్దు' అని ఉంటుంది. దానికి 'పరిశీలించడమైనది' అని రాసి పక్కన పెట్టడానికి ఎవరికైనా అర నిమిషం చాలు. ఒకసారి మాత్రం ఒక్క మనిషి రాసిన ఒకే ఒక్క పేజీ వచ్చింది. తమ వీధి చివర కల్వర్టు వెడల్పు ఎంత, వానకాలంలో నీరు ఏ గడప దాకా వస్తుంది, ప్రతిపాదిత స్థలం దానికి ఎన్ని అడుగుల ఎగువన ఉంది అని రాశాడాయన. ఆ కాగితం పట్టుకుని మేం స్థలానికి వెళ్లి చూడక తప్పలేదు. వెళ్లాక నివేదికే మారింది.

కాబట్టి మీ నోటు పుస్తకంలోని ఆ నాలుగు రోజుల లెక్కే మీ ఉత్తరానికి వెన్నెముక. ఇంతకన్నా ముఖ్యమైన పని ఒకటి ఉంది, ఇవాళే చేయండి. ప్రకటన కింద హద్దుల వివరం ఉంటుంది. దస్తావేజుల్లో చెక్కుబందీ అంటామే, అది. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ఏమేమి ఉన్నాయని రాశారో మీ నీలి పటంతో ఒక్కొక్కటీ సరిచూడండి. రోడ్ల వెడల్పు మీటర్లలో రాస్తారు, అడుగుల్లోకి మార్చి చూడండి. భవనం ఎంత ఎత్తు కట్టవచ్చు అనేది ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. అందుకే ఆ అంకె దగ్గర పొరపాటుకు చాలా ఖరీదు ఉంటుంది.

మీ ప్రశ్నలోని పెద్ద మాటకు వస్తాను. పటం మారవచ్చా అన్నారు. మారవచ్చునండీ. ముప్ఫై నలభై ఏళ్లకు ఒక ఊరి అవసరాలు మారతాయి, మారకూడదంటే ఊరు ఊపిరాడక పోతుంది. కానీ పటంలో దుకాణాలకు ఒక ముక్క విడిగా ఉంచడానికి కారణం ఉంది. చండీగఢ్‌లో ప్రతి సెక్టారు మధ్యగా ఒక బజారు వీధి పోతుంది, దుకాణాలు ఆ వీధికి నీడ ఉండే ఒక పక్కనే ఉంటాయి. ఇంటి నుంచి నడిచి వెళ్లి, ఎండ తగలకుండా సరుకులు తెచ్చుకోవాలని అలా వేశారు. వ్యాపారాన్ని తరిమేయడానికి గీతలు గీయలేదు, ఎక్కడ పెడితే ఇళ్లకు మేలో అక్కడ పెట్టడానికి గీశారు. మీ లేఅవుట్ వేసినవాళ్లు కూడా స్కూలు పక్కన దుకాణాలు పెట్టారంటే ఆలోచించే పెట్టి ఉంటారు. ఆ ముక్క తుమ్మలతో ఖాళీగా ఉండగా ఇళ్ల స్థలాలు ఎందుకు మార్చాలి అన్న ప్రశ్నను మీ ఉత్తరంలో తప్పకుండా అడగండి. మీరు వ్యాపారాన్ని కాదనడం లేదని, చోటు గురించే మాట్లాడుతున్నారని దానితో తేలిపోతుంది.

ఇంకో మాట. నివాస జోన్‌లో కూడా కొన్ని చిన్న వినియోగాలను నియమాలే అనుమతిస్తాయి. అందుకని 'ఇక్కడ ఏ వ్యాపారమూ ఉండరాదు' అని రాయకండి. అది నిలవదు, పైగా మీ మిగతా మాటల బరువు తగ్గిస్తుంది.

మూల కొట్టు:

టీచర్ గారూ, మాది గుంటూరు. ఇలాంటి పాత కాలనీలోనే మా నాన్న ఇంటి ముందుగదిలో ఇరవై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నారు. ఇప్పుడు నేనూ అందులోనే ఉన్నాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. కుర్చీ సంగతి చదివాక మా అమ్మకు కూడా వినిపించాను.

మా వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. కొట్టుకు వేరే మీటరు పెట్టించి రెండో కేటగిరీ కింద కరెంటు బిల్లు కడుతున్నాం. ట్రేడ్ లైసెన్సు ఉంది. అయినా కాలనీలో ఎవరైనా 'వాణిజ్యం వద్దు' అని ఉత్తరం రాసినప్పుడల్లా మాకు నిద్ర పట్టదు. ఎక్కడో పెద్ద భవనం మీద రాసిన ఫిర్యాదుకు ముందు నోటీసు వచ్చేది మాలాంటివాళ్లకే. మెయిన్ రోడ్డు మీద అద్దెకు తీసుకుని పప్పులూ ఉప్పులూ అమ్మి బతకడం మావల్ల కాదు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెబుతున్నాను. ఆ మూల మీద పెద్ద సముదాయం వస్తే కాలనీలోని చిన్న కొట్లు ముందు మూతపడతాయి. మా దగ్గర అదే జరిగింది. అందులో పెద్ద సూపర్ మార్కెట్టు పెట్టారు. మూడేళ్లకు గిట్టుబాటు కాక వాళ్లూ వెళ్లిపోయారు. ఆలోగా మా వీధిలో రెండు కొట్లు పోయాయి. వాటిలో ఒకాయన రాత్రి పదకొండింటికి తలుపు కొట్టినా బిడ్డకు పాలడబ్బా తీసి ఇచ్చేవాడు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం చేర్చగలరా? 'కాలనీవాసుల రోజువారీ అవసరాలు తీర్చే చిన్న దుకాణాలపై మాకు అభ్యంతరం లేదు' అని. మీకు పోయేదేమీ ఉండదు, మాలాంటివాళ్లకు కొండంత అండ.

కోర్టు మెట్లు:

న్యాయవాదిని. పై ఇద్దరూ చెప్పినదాంతో ఏకీభవిస్తూ, చట్టం వైపు నుంచి కొన్ని మాటలు చెబుతాను.

ఇరుగుపొరుగుకు ఇందులో ఏం హక్కు ఉంది అని ఎవరైనా అంటే బెంగళూరు కేసు గుర్తుపెట్టుకోండి. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ లేఅవుట్‌లో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోము కోసం కేటాయించారు. చుట్టుపక్కల నివసించేవాళ్లు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని చెప్పింది. ఆ ప్రాంత నివాసులకు దాన్ని ప్రశ్నించే హక్కు ఉందని కూడా తేల్చింది. నోయిడాలో నివాస సెక్టార్ల ఇళ్లలో బ్యాంకులు, నర్సింగ్ హోములు నడిపిన కేసులో 2011లో అదే కోర్టు, మాస్టర్ ప్లాన్ మార్చకుండా అవి అక్కడ నడవడానికి వీల్లేదంది.

అయితే ఈ రెండో తీర్పును మీ ఉత్తరంలో వాడకండి. అక్కడ ప్లాన్ మార్చకుండానే వ్యాపారం చేశారు. మీ దగ్గర పద్ధతి ప్రకారం మార్చడానికే ప్రయత్నిస్తున్నారు. తేడా పెద్దది. పద్ధతి పాటించినంత మాత్రాన మార్పు సమంజసం అయిపోదు, నిజమే. కానీ మీరు అప్పుడు పట్టుకోవాల్సింది కారణాలను: ఈ మార్పుతో ఎవరి అవసరం తీరుతుంది, రోడ్డూ నీరూ మురుగుకాల్వా దాన్ని మోయగలవా అన్నవాటిని.

ఎదురింటి కోచింగ్ సెంటరు గురించి ఒక హెచ్చరిక. 'ఆ వీధిలో ఇప్పటికే వ్యాపారం ఉంది కదా' అన్నదే అవతలివారి మొదటి వాదన అవుతుంది. ఢిల్లీలో 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఇళ్లలోని దుకాణాలకు సీళ్లు వేశారు. దశాబ్దాలుగా ఎవరూ అడ్డుచెప్పక పెరిగిన వ్యాపారం అది, దాని మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. అదే ఏడాది పార్లమెంటు తాత్కాలిక రక్షణగా చట్టం చేసింది. మరుసటి ఏడాది వచ్చిన మాస్టర్ ప్లాన్‌లో మిశ్రమ వినియోగ వీధులకు చోటు కల్పించారు. ఊరుకున్నకొద్దీ వీధి స్వభావమే మారిపోతుంది, ఆనక చట్టం దాని వెంట నడవాల్సి వస్తుంది. కోచింగ్ సెంటరు మీద వేరే కాగితం పెట్టండి. ఈ ఉత్తరంలో దాన్ని ఫిర్యాదుగా కలపకండి, రద్దీకి సాక్ష్యంగా మాత్రం చూపించండి.

సంతకాల ఉత్తరం ఒకటి పంపండి, తప్పులేదు. దానితోపాటు ఆ 22 ఇళ్లలో ఎన్ని వీలైతే అన్ని ఇళ్లవాళ్లు ఎవరికి వారు విడిగా, తమ ఇంటి ముందు కళ్లతో చూసిందే రాయాలి. నేరుగా ఇచ్చి నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అదే రోజు స్పీడ్ పోస్టులో కూడా పంపండి. సమాచార హక్కు కింద ఫైలు నకళ్లు అడగవచ్చు గానీ దానికి 30 రోజుల గడువు ఉంటుంది. మీకు మిగిలింది తొమ్మిది రోజులు. కాబట్టి దరఖాస్తుతో జతచేసిన స్కెచ్ చూపించమని ముందు నోటితో, వెంటనే కాగితం మీద అడగండి.

చివరి వరుస ఇల్లు:

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న మధ్యాహ్నం పటం బయటికి తీసి, భోజనాల బల్ల మీద పరిచి, ప్రకటన కత్తిరించి పక్కన పెట్టుకున్నాను. దక్షిణం సరిపోయింది. పడమర ఇంటి నంబరు సరిపోయింది. తూర్పు దగ్గర 'ప్రస్తుతం ఉన్న 12 మీటర్ల రోడ్డు' అని ఉంది. నా పటంలో అది 30 అడుగులు, అంటే 9 మీటర్ల చిల్లర. ఎందుకైనా మంచిదని ఎదురింటి కుర్రాణ్ణి పిలిచి, పొడవాటి టేపు తెప్పించి, ప్రహరీ నుంచి ప్రహరీకి కొలిచాం. మూడు చోట్ల కొలిచాం. 9.10, 9.05, 9.10. ఎక్కడా 12 లేదు.

ఉత్తరం హద్దు చూసి కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. 'ఖాళీ స్థలం' అని ఉంది. అది మా పార్కు. నా పటంలో ఆకుపచ్చ పెన్సిలు రంగు వెలిసిపోయింది గానీ అక్షరాలు అలాగే ఉన్నాయి. ఆ గోడ పక్క రెండు వేపచెట్లు 1990లో మా స్కూలు పిల్లలతో నేను నాటించినవి. ఎవరు ఎందుకు అలా రాశారో నాకు తెలియదు. దరఖాస్తు స్కెచ్‌లోనే అలా ఉండి ఉంటుందని కార్యదర్శి అంటున్నారు.

మూల కొట్టు బాబూ, నువ్వడిగిన వాక్యం చేర్చాను. మొదటి పేరాలోనే పెట్టాను. అది నీ కోసం రాసింది కాదు, నా మనసులో ఉన్నదే.

ఇంకో సందేహం. తూర్పు హద్దు తప్పని రాసేటప్పుడు, మోసం చేశారని రాయాలా?

టౌన్ ప్లానింగులో ఉద్యోగం చేసినవాణ్ణి:

వద్దండీ. మోసం అన్న మాట రాస్తే, దాన్ని రుజువు చేసే భారం మీ మీద పడుతుంది. 'ప్రకటనలో 12 మీటర్లు అని ఉంది, ఆమోదిత లేఅవుట్ పటంలో 30 అడుగులని ఉంది, కొలవగా ఇంత వచ్చింది, ఉమ్మడిగా స్థల పరిశీలన జరపవలసిందిగా కోరుతున్నాం' అని రాయండి, చాలు. ఆ వాక్యం చదివాక స్థలానికి రాకుండా నివేదిక రాసే అధికారి ఉండడు. టేపు పట్టుకున్న ఫొటోలు జతచేయండి. పార్కు సంగతి విడి పేరాలో రాయండి, పై న్యాయవాది గారు చెప్పిన బెంగళూరు తీర్పును అక్కడ ప్రస్తావించండి. హద్దులు సవరించి ప్రకటన మళ్లీ వేసి, మళ్లీ గడువు ఇవ్వమని అడగండి.

చివర్లో, ఒకవేళ మార్పు ఆమోదిస్తే అన్న మాట కూడా రాయడం మంచిది. వాహనాల నిలుపుదల అంతా స్థలం లోపలే ఉండాలని, రాకపోకలు 40 అడుగుల రోడ్డు వైపు నుంచి మాత్రమే ఉండాలని, తూర్పు వైపు గేటు పెట్టకూడదని అడగండి. అలా అడిగితే ఒప్పుకున్నట్టు అవుతుందని కొందరు భయపడతారు. 'మా అభ్యంతరానికి భంగం లేకుండా' అని ముందు రాస్తే ఆ భయం ఉండదు. ఇలాంటి మార్పుల జీవోల్లో, ఈ ఉత్తర్వు స్థలంపై హక్కుకు రుజువు కాదని, భవన నిర్మాణానికి విడిగా అనుమతి తీసుకోవాలని మామూలుగా షరతులు పెడతారు. అంటే జీవో వచ్చినా భవనం లేచినట్టు కాదు. ఆ రెండో అనుమతి దగ్గర కూడా ఇవే కొలతలు మీకు పనికొస్తాయి.

చివరి వరుస ఇల్లు:

ఇవాళ ఉదయం ఇచ్చి వచ్చాం. సంఘం ఉత్తరం ఒకటి, విడి ఉత్తరాలు పదమూడు. మూడో వరుసలోని తాపీమేస్త్రీ గారు తన ఇంటి ముందు మురుగుకాల్వ లోతు బెత్తెలతో కొలిచి రాశారు, దాన్ని నేను సెంటీమీటర్లలోకి మార్చాను. మా పక్కింటామె, కుళాయి ఆరింటికి వచ్చి ఆరూ నలభైకి ఆగిపోతుందని, బిందెల లెక్కతో సహా రాశారు. అన్ని నకళ్ల మీదా ముద్ర వేసి ఇచ్చారు. కౌంటరు దగ్గర అమ్మాయి నా ఉత్తరం పైపైన చూసి, 'ఈ పటం మీ దగ్గర ఇంకా ఉందా మేడమ్' అని అడిగింది.

విచారణకు పిలిస్తే అసలు పటం తీసుకెళ్లాలా, జిరాక్సు సరిపోతుందా?

కోర్టు మెట్లు:

అసలుది తీసుకెళ్లండి, చూపించండి, చేతికి మాత్రం ఇవ్వకండి. దాని మీద ఏదైనా ముద్ర, సంతకం ఉంటే అది కనిపించేలా రంగు జిరాక్సు తీయించి, దాన్ని దాఖలు చేయండి. ఈలోగా ఆమోదిత లేఅవుట్ ధృవీకృత నకలు కోసం దరఖాస్తు పెట్టండి. మీ పటానికి, దానికి తేడా లేదని తేలితే ఇక వాదన కొలతల మీదే నడుస్తుంది.